శ్రీకాకుళం నుంచి బెంగళూరుకు లాబ్రడార్‌ను, పిల్లిని విమానంలో తీసుకెళ్ళాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మే నెలాఖరున శ్రీకాకుళం నుంచి బెంగళూరుకు ఇల్లు మారుతున్నారు. నాలుగేళ్ళ లాబ్రడార్ ఉంది, సుమారు 28 కిలోలు. ఒక నాటు పిల్లి, మూడున్నర కిలోలు. రెండింటినీ విమానంలో తీసుకెళ్ళవచ్చా, కింద సామాన్ల అరలో గాలి ఆడుతుందా, మత్తు మందు ఇప్పించాలా అన్నవి మీ సందేహాలు. ఒకటి రెండేళ్ళలో అమెరికా వెళ్ళే అవకాశం ఉంది కాబట్టి ఇప్పుడే చేయించి పెట్టుకోవాల్సినవి ఏమిటన్నది చివరి ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. పిల్లి మీ కాళ్ళ దగ్గర, కేబిన్‌లోనే రావచ్చు. కుక్క కింద అరలో వెళ్ళాలి. కుక్క, దాన్ని పెట్టే పెట్టె (క్రేట్) కలిపితే 32 కిలోలు దాటిపోతుంది కాబట్టి మీ లగేజీగా తీసుకోరు, విడిగా కార్గోలో బుక్ చెయ్యాలి. మత్తు మందు వద్దు. మే నెలాఖరులో పగటిపూట విమానం అసలే వద్దు. తెల్లవారుజామున గానీ బాగా పొద్దుపోయాక గానీ ఎక్కడా ఆగకుండా వెళ్ళే విమానం దొరికితేనే కుక్కను ఎక్కించండి. దొరక్కపోతే రోడ్డు మీద రాత్రిపూట తీసుకెళ్ళడమే మేలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అందరూ భయపడేది ఆకాశంలో ఉన్న గంటన్నర, రెండు గంటల గురించి. నిజంగా ప్రమాదం ఉన్నది నేల మీద. జంతువులను పెట్టే అరలో గాలి ఒత్తిడి ప్రయాణికుల కేబిన్‌లో ఎంత ఉంటుందో అంతే ఉంటుంది. ఆ అరను వెచ్చగా ఉంచే ఏర్పాటు కూడా ఉంటుంది. లోపల ప్రాణమున్న జంతువు ఉందని కాగితం మీద రాసి పైలట్‌కు ముందే ఇస్తారు. చీకటిగా, ఒకే రకం హోరుతో ఉంటుంది కాబట్టి అలవాటున్న కుక్క చాలావరకు పడుకునే ఉంటుంది. కష్టమంతా దానికి ముందూ వెనకా. శ్రీకాకుళం నుంచి విశాఖ ఎయిర్‌పోర్ట్‌కు కారులో రెండు రెండున్నర గంటలు, కార్గో షెడ్డులో మూడు గంటలు, తర్వాత ట్రాలీ మీద కాంక్రీటు నేల మీద ఎండలో నిరీక్షణ, తలుపు తెరిచి నిలబెట్టిన విమానంలో ఇంకాసేపు.

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. ఒంట్లో వేడి దించుకోవడానికి దానికున్న దారి నాలుక చాపి రొప్పడమే. రొప్పినప్పుడు నోట్లో తడి ఆవిరైతేనే వేడి తగ్గుతుంది. మన కోస్తా గాలిలో మే నెలలో తేమ ఎంత ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. తడి ఆవిరవదు, కుక్క రొప్పుతూనే ఉంటుంది, ఆ రొప్పే శ్రమకే ఇంకా వేడెక్కుతుంది. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాల్సిన ఒళ్ళు 106 దాటితే వడదెబ్బే. రాయలసీమలో 42 డిగ్రీల పొడి ఎండ కన్నా మన దగ్గర 36 డిగ్రీల ఉక్కపోత ఒక్కోసారి కుక్కకు ఎక్కువ కష్టంగా ఉండేది అందుకే.

ఏ విమానం? ఇక్కడే మన జిల్లాల వాళ్ళకు మొదటి చిక్కు. విశాఖ నుంచి ఎగిరేవాటిలో ఎక్కువ ఇండిగోవే. ఇండిగోలో ప్రయాణికుడితో పాటు పెంపుడు జంతువులను తీసుకోరు, శిక్షణ పొందిన సర్వీస్ డాగ్‌కు మాత్రమే మినహాయింపు. ఎయిర్ ఇండియా, ఆకాశా ఎయిర్ తీసుకుంటాయి. ఆకాశా 2022 నవంబరు 1 నుంచి ఈ సదుపాయం మొదలుపెట్టింది. కేబిన్ బరువు పరిమితి మొదట 7 కిలోలు, తర్వాత 10 చేశారు. ఈ పరిమితులు ఎప్పుడూ జంతువు, బ్యాగ్ కలిపి లెక్క. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి పాత వీడియోలు చూసి టికెట్ కొనకండి. బుక్ చేసే రోజున ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసి, కాల్ సెంటర్‌లో అడిగి, ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇంకో విషయం. టికెట్ ఒక కంపెనీ పేరు మీద అమ్ముతారు, విమానం దాని అనుబంధ సంస్థ నడుపుతుంది. ఏ సంస్థ నడుపుతోందో దాని నియమమే మీకు వర్తిస్తుంది. కౌంటర్ దగ్గరకు వెళ్ళాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

బుక్ చేసే వరస కూడా ముఖ్యం. ముందు ఫోన్ చేసి ఆ విమానంలో జంతువుకు చోటుందో లేదో అడగండి, ఉందన్నాక మీ టికెట్ కొనండి. ఒక్కో విమానంలో కేబిన్‌లోకి ఒకటి రెండు జంతువులనే అనుమతిస్తారు. మీ టికెట్ కొనేసి, తర్వాత చోటు లేదంటే ఆ డబ్బు పోయినట్టే.

విమానం విశాఖ ఎయిర్‌పోర్ట్ నుంచా, భోగాపురం ఎయిర్‌పోర్ట్ నుంచా అన్నది టికెట్ మీద చూసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు భోగాపురం దగ్గర, నగరం ట్రాఫిక్ దాటే పని లేదు. ఏ ఎయిర్‌పోర్ట్ అయినా, కార్గో కౌంటర్ మీ విమానం వేళకు తెరిచి ఉంటుందా, అక్కడ ప్రాణమున్న జంతువులను తీసుకుంటారా అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. ఉదయం ఆరున్నర విమానానికి కార్గో వాళ్ళు మూడింటికల్లా రమ్మంటారు. కౌంటర్ ఏడింటికి తెరుస్తారని ఆ తర్వాత తెలిస్తే పథకం మొత్తం తిరగబడుతుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఇది చదువుతున్నవాళ్ళు భువనేశ్వర్ విమానాలు కూడా చూడండి.

క్రేట్: డబ్బు, సమయం పెట్టాల్సింది ఇక్కడే. విమాన సంస్థలన్నీ పాటించేది అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే అయాటా, జంతువుల కోసం పెట్టిన నియమాలను. కుక్కను నిలబెట్టి టేపుతో నాలుగు కొలతలు తీసుకోండి.

ఎ: ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు. తోక కలపకూడదు.
బి: నేల నుంచి ముందుకాలి మోచేయి వరకు.
సి: భుజాల దగ్గర వెడల్పు.
డి: నేల నుంచి తల పైభాగం వరకు. నిక్కబొడుచుకున్న చెవులైతే చెవి కొస వరకు.

క్రేట్ లోపలి పొడవు ఎ, దానికి బిలో సగం కలిపినంత ఉండాలి. వెడల్పు సికి రెట్టింపు. ఎత్తు డి, దానికి కింద పరిచే పరుపు మందం కలపాలి. చాలా సంస్థలు తల పైన ఇంకో ఏడెనిమిది సెంటీమీటర్లు ఖాళీ అడుగుతాయి.

ఒక మామూలు లాబ్రడార్‌కు లెక్క చూద్దాం. ఎ 84, బి 30, సి 25, డి 66 సెంటీమీటర్లు అనుకుంటే పొడవు 84కు 15 కలిపి 99, వెడల్పు 50, ఎత్తు 66కు పరుపు 2, ఖాళీ 7 కలిపి 75. మార్కెట్లో 500 సైజు అని అమ్మే క్రేట్ 102 × 69 × 76 ఉంటుంది. చూడ్డానికి సరిపోయినట్టే ఉంది. కానీ అది బయటి కొలత. లోపల ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లు తక్కువే వస్తుంది. దుకాణంలోనే టేపు లోపల పెట్టి కొలవండి. చాలకపోతే తర్వాతి సైజు, 700 అని అమ్మేది, 122 × 81 × 89 ఉంటుంది. దాంతో ఇంకో ఇబ్బంది. బోయింగ్ 737 రకం విమానంలో సామాన్ల తలుపు ఎత్తు 90 సెంటీమీటర్ల లోపే, అంత ఎత్తు క్రేట్ దూరదు. ఎయిర్‌బస్ ఎ320లో తలుపు పెద్దది. అందుకే క్రేట్ కొనకముందే ఏ రకం విమానమో కనుక్కోవాలి.

ఖర్చు లెక్కలో కూడా క్రేట్ సైజే దెబ్బ కొడుతుంది. కార్గోలో అసలు బరువు, ఘనపరిమాణపు బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. 500 సైజు క్రేట్‌కు అది 89 కిలోలు వస్తుంది. మీ కుక్క 28, క్రేట్ పది, మొత్తం 38 కిలోలే అని మీరు లెక్క వేసుకుని వెళ్తే బిల్లు 89 కిలోలకు పడుతుంది. పైగా జంతువులకు మామూలు సరుకు రేటు కన్నా ఎక్కువ వేస్తారు. ఈ మాట ముందే అడిగి తెలుసుకోండి.

32 కిలోల దగ్గర గీత ఎందుకంటే, లగేజీలో ఒక్క వస్తువు అంతకు మించితే లోడర్లు చేత్తో ఎత్తకూడదు. బతిమాలితే ఒకటి రెండు కిలోలు వదిలేస్తారనుకోకండి. తేలిక క్రేట్ వెతికి 32 లోపలికి తేవాలని ఇరుకు క్రేట్ కొనేవాళ్ళున్నారు. అందులో కుక్క తిరగలేదు, గాలి ఆడక వేడి లోపలే ఉండిపోతుంది. కౌంటర్ దగ్గర కుక్కను అందులో నిలబెట్టి చూస్తారు, తల తగిలితే వెనక్కి పంపేస్తారు. అవసరానికి మించి పెద్దదీ మంచిది కాదు, విమానం పైకి లేచేటప్పుడు కుక్క జారి గోడకు కొట్టుకుంటుంది.

క్రేట్ విషయంలో మరికొన్ని చిన్న పనులు ఉన్నాయి. మన దగ్గర ఎక్కువగా వెనక్కి పంపేది వీటి గురించే:

పై సగం, కింది సగం కలిపే చోట ప్లాస్టిక్ క్లిప్పులుంటే తీసేసి ఇనుప బోల్టులు, నట్లు వేయించండి. తలుపు ఇనుప జాలీది అయ్యుండాలి. చక్రాలుంటే పీకెయ్యాలి. గాలి రంధ్రాలు నాలుగు పక్కలా ఉండాలి. తలుపు నాలుగు మూలలా కేబుల్ టైలు బిగించాలి, తాళం మాత్రం వెయ్యకూడదు. సెక్యూరిటీ వాళ్ళు క్రేట్ తెరిపించి చూస్తారు, అప్పుడు టైలు కోసెయ్యాలి. కాబట్టి ఒక డజను అదనంగా తీసుకెళ్ళండి. నీళ్ళ గిన్నె, తిండి గిన్నె తలుపుకే బిగించి, తలుపు తెరవకుండా బయటి నుంచి పోసేలా ఉండాలి. నీళ్ళ గిన్నెను ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టించండి. కారు కుదుపులకు ఒలకదు, కొద్దికొద్దిగా కరుగుతుంది. కింద పీల్చుకునే ప్యాడ్, దాని మీద మీరు కప్పుకున్న పాత దుప్పటి ముక్క, ఉతక్కుండా. బొమ్మలు, ఎముకలు వద్దు. గొలుసు, చోక్ చైన్, మూతికి కట్టే మజిల్ ఏదీ ఉండకూడదు. మూతి కడితే రొప్పలేదు.

క్రేట్ మీద ‘లైవ్ యానిమల్’ అని ఇంచి ఎత్తుకు తగ్గని అక్షరాల స్టిక్కరు, ‘ఈ వైపు పైకి’ అన్న బాణాలు అంటించాలి. కుక్క పేరు, మీ ఫోన్ నంబరు, బెంగళూరులో దించుకునే మనిషి ఫోన్ నంబరు పెద్దగా రాయండి. కుక్కను పేరు పెట్టి పిలిస్తే లోడర్ దగ్గర కూడా శాంతిస్తుంది.

ఇంతా చేసి ఒకటి మర్చిపోతారు. ఈ క్రేట్ మీ కారులో పట్టదు. 500 సైజు క్రేట్ హ్యాచ్‌బ్యాక్ తలుపులో దూరదు. వెనక సీట్లు మడిచిన ఇన్నోవాయో, బొలేరోయో కావాలి. ముందే పెట్టి చూసుకోండి.

అలవాటు చెయ్యడం. కనీసం నాలుగు వారాలు పట్టే పని ఇది, దీన్ని ఎవరూ ఖాతరు చెయ్యరు. ప్రయాణానికి రెండు రోజుల ముందు క్రేట్ కొని, ఆ రోజే మొదటిసారి లోపలికి తోస్తారు. అలాంటి కుక్క తలుపు కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటుంది, గోళ్ళు ఊడగొట్టుకుంటుంది, భయంతో ఒళ్ళు వేడెక్కించుకుంటుంది. మొదటి వారం తలుపు విప్పేసి క్రేట్‌ను హాల్లో ఒక మూల పెట్టండి. రోజూ అన్నం అందులోనే. లోపలికి నెట్టకండి, దానంతటదే వెళ్ళాలి. రెండో వారం తింటున్నప్పుడు తలుపు వేసి, తినడం అవగానే తియ్యండి. క్రమంగా పది నిమిషాలు, అరగంట. మూడో వారం రాత్రి నిద్ర అందులోనే. అరిచినప్పుడు తలుపు తీస్తే అరిస్తే తీస్తారని నేర్చుకుంటుంది, కాబట్టి ఊరుకున్న క్షణం చూసి తియ్యండి. నాలుగో వారం క్రేట్‌ను బండిలో పెట్టి ఒకరోజు ఎచ్చెర్ల దాకా, ఇంకోరోజు రణస్థలం దాకా తిప్పి తీసుకురండి. వాంతి చేసుకుంటుందా, ఎంతసేపటికి పడుకుంటుంది అన్నది అప్పుడే తెలుస్తుంది. వాంతులుంటే మారోపిటాంట్ అనే మందు ఉంది, మీ పశువైద్యుడు బరువు చూసి రాస్తారు.

ఇక మత్తు మందు. ‘ఒక ఇంజెక్షన్ చేసెయ్యండి, పడుకుని వెళ్ళిపోతుంది’ అని అడిగేవాళ్ళే ఎక్కువ. మీ కుక్క మీద ప్రేమతోనే అడుగుతారు. కానీ పశువైద్య సంఘాలు, విమాన సంస్థలు రెండూ వద్దంటాయి. ఇందుకు వాడే ఎసిప్రోమజైన్ లాంటి మందులు రక్తపోటు తగ్గిస్తాయి, రక్తనాళాలను వదులు చేస్తాయి, ఒంటి వేడిని సరిచేసుకునే శక్తిని దెబ్బతీస్తాయి. విమానం ఎత్తుకు వెళ్ళాక కేబిన్, అర రెండింటిలోనూ గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలుచగా ఉంటుంది. మామూలు కుక్కకు అది లెక్కలోది కాదు. రక్తపోటు పడిపోయిన కుక్కకు లెక్కే. మగతలో ఉన్న కుక్క కుదుపులకు కాళ్ళు నిలదొక్కుకోలేదు, వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, వేడెక్కితే లేచి నీళ్ళు తాగలేదు. అక్కడ చూసుకునేవాళ్ళు ఉండరు. తూలుతున్న కుక్కను కౌంటర్‌లో కూడా తీసుకోరు.

మందుల షాపులో ఏవిల్ మాత్రలు, మనుషుల నిద్రమాత్రలు కొని వేసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మోతాదు ఊహించి వేసేది కాదు, కొన్ని కుక్కలకు మత్తు బదులు పిచ్చి ఆందోళన పుడుతుంది. పిల్లికైతే పారాసిటమాల్ ముక్క కూడా ప్రాణం తీస్తుంది. నిజంగా బాగా భయపడే జంతువుకు గబాపెంటిన్, ట్రాజోడోన్ లాంటివి తక్కువ మోతాదులో రాసే సందర్భాలున్నాయి. అవి ఒంటిని పడెయ్యవు, బెరుకు తగ్గిస్తాయి. అవి కూడా మీ డాక్టరే రాయాలి, ప్రయాణానికి వారం ముందు ఇంట్లో ఒకసారి వేసి చూడాలి, వేసినట్టు విమాన సంస్థకు చెప్పాలి. కేబిన్‌లో మీ పక్కన ఉండే పిల్లికి ఇది ఆలోచించవచ్చు. కింద అరలో ఒంటరిగా వెళ్ళే కుక్కకు నేను రాయను.

కాగితాలు. దేశం లోపల ప్రయాణానికి రెండే ముఖ్యం: రేబిస్ టీకా కార్డు, ప్రయాణానికి తగినంత ఆరోగ్యంగా ఉందన్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్. జంతువుల రవాణా నియమాలు, 1978 ప్రకారం కుక్కలకు, పిల్లులకు ఈ సర్టిఫికెట్ ఉండి తీరాలి. రేబిస్‌తో సహా అంటువ్యాధి లక్షణాలు లేవని అందులో రాసి ఉండాలి. టీకా వేసి కనీసం నెల అయ్యుండి, గడువు మిగిలి ఉండేలా చూసుకోండి. సర్టిఫికెట్ ప్రయాణానికి ఎన్ని గంటల ముందుది అయ్యుండాలో సంస్థను అడగండి. రెండు మూడు రోజుల లోపలిది అంటే ఎక్కడా పేచీ ఉండదు. వారం ముందే తీసిపెట్టుకుంటే పనికిరాదు.

అందులో ఏముండాలంటే: జాతి, రంగు, మగో ఆడో, వయసు, బరువు, గుర్తులు, టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి. డాక్టరు సంతకం, ముద్ర, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. యజమాని పేరు మీ ఆధార్, టికెట్ మీద ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే కార్గోలో ఆపుతారు. మూడు నాలుగు జిరాక్సులు పెట్టుకోండి, ఒక సెట్ క్రేట్ మీద ప్లాస్టిక్ కవర్‌లో అంటించండి.

సర్టిఫికెట్‌కు వచ్చినప్పుడు కాదు, పదిహేను రోజుల ముందే ఒకసారి చూపించండి. మన ప్రాంతంలో పిడుదుల జ్వరం ఎక్కువ. కుక్క తింటూనే ఉంటుంది, ఆడుతూనే ఉంటుంది, లోపల రక్తం తగ్గిపోయి ఉంటుంది. చిగుళ్ళు పాలిపోయి ఉంటే రక్తపరీక్ష చేయించండి. రక్తహీనత ఉన్న కుక్కను ఆ పలుచని గాలిలోకి పంపకూడదు. పిడుదుల మందు వారం పదిరోజుల ముందే వెయ్యండి, ఒంటి మీద పిడుదు కనిపిస్తే కౌంటర్‌లో తిప్పి పంపవచ్చు. గుండెలో శబ్దం ఏదైనా ఉందంటే అంతటితో వదిలెయ్యకండి. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, విశాఖలో పెద్ద క్లినిక్‌లున్నాయి. ఎక్స్‌రే సదుపాయం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

ప్రయాణం రోజు. చివరి భోజనం విమానానికి ఆరు గంటల ముందు, అదీ మామూలుగా పెట్టేదాంట్లో సగం. నీళ్ళు మాత్రం ఆపకండి, బయలుదేరే దాకా తాగనివ్వండి. ఉపవాసం ఉంచితే మంచిదనుకుని నీళ్ళు కూడా మాన్పించేవాళ్ళున్నారు, ఎండాకాలంలో అది ప్రమాదం. ఉదయపు విమానమైతే శ్రీకాకుళంలో అర్ధరాత్రే బయలుదేరాలి. నాతవలస టోల్‌గేట్ దాటాక ఎక్కడైనా వెలుతురున్న చోట ఒకసారి, కార్గో షెడ్డుకు ముందు ఒకసారి దింపి తిప్పండి. పట్టీ వదలకండి, లారీల హైవే అది. సాయంత్రపు విమానమైతే మధ్యాహ్నం ఎండలో రావాలి, ఏసీ బండి తప్పనిసరి. కాగితాల పనికి లోపలికి వెళ్ళినప్పుడు బండి ఆపేసి కుక్కను అందులో ఉంచకండి. ఒకరు కుక్క దగ్గరే ఉండాలి.

కార్గోలో ఎయిర్‌వే బిల్, అంటే సరుకు రసీదు, చేతికొచ్చాక దాని నంబరు ఫోటో తీసి బెంగళూరులో ఉన్నవాళ్ళకు పంపండి. మీ విమానంలోనే కుక్కను కూడా ఎక్కిస్తున్నారో లేదో బిల్ మీద విమానం నంబరు చూడండి. ఆ తర్వాత మీరు కేబిన్ ఎక్కాక సిబ్బందితో ‘కింద మా కుక్క ఉంది, ఎక్కించారో లేదో కనుక్కుంటారా’ అని నెమ్మదిగా అడగండి. విమానం ఆలస్యమైతే ఈ ప్రశ్న మళ్ళీ అడగండి. కుక్కను ముందే ఎక్కించి విమానాన్ని గంట ఆపితే, వాళ్ళకు గుర్తు చెయ్యాల్సింది మీరే.

పిల్లి సంగతి సులువు. మెత్తని, జాలీ ఉన్న బ్యాగ్ కావాలి. ఎయిర్ ఇండియా కొలత 18 × 18 × 12 అంగుళాలు, మిగతావాళ్ళది చూసుకోండి. వెబ్ చెక్-ఇన్ కుదరదు, కౌంటర్‌కే వెళ్ళాలి. అత్యవసర ద్వారం వరస సీటు ఇవ్వరు. అసలు గండం సెక్యూరిటీ దగ్గర. బ్యాగ్ ఎక్స్‌రేలోకి వెళ్ళాలి, పిల్లిని చేతుల్లో పట్టుకుని మీరు డోర్ ఫ్రేమ్ దాటాలి. ఆ చప్పుళ్ళకు బెదిరిన పిల్లి చేతుల్లోంచి దూకితే దొరకదు. ఇంట్లోనే ఒంటికి సరిపోయే జీను లాంటి హార్నెస్ తొడిగి, తాడు మణికట్టుకు చుట్టుకుని, తువ్వాలులో చుట్టి పట్టుకోండి. విడిగా గదిలో తనిఖీ చెయ్యమని అడగవచ్చు, చాలాసార్లు ఒప్పుకుంటారు. లోపల ఎంత అరిచినా జిప్ తెరవకండి. బ్యాగ్ మీద పలుచని గుడ్డ కప్పితే చాలావరకు ఊరుకుంటుంది.

బెంగళూరులో దిగాక కార్గో భవనం ప్రయాణికుల టెర్మినల్‌కు దూరం. కుక్క చేతికి రావడానికి గంట, ఒక్కోసారి రెండు పడుతుంది. మీరు పిల్లితో, సామానుతో దిగుతుంటే ఒక మనిషిని నేరుగా కార్గోకు పంపించండి. బయటికి రాగానే కొద్దికొద్దిగా నీళ్ళు, అరగంట తర్వాత కాస్త తిండి. చిగుళ్ళు ఇటుక రంగుకు తిరగడం, జిగట చొంగ, తూలడం కనిపిస్తే వడదెబ్బ. అప్పుడు మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి గాలి తగలనిచ్చి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఐసు నీళ్ళలో ముంచకండి.

సరైన వేళకు విమానం దొరక్కపోతే రైలు ఉంది. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేనో, నాలుగు బెర్తుల క్యాబినో మొత్తం మీ పేరునే ఉంటే కుక్కను మీతో ఉంచుకోనిస్తారు. గార్డు వ్యాన్‌లోని డాగ్ బాక్స్ మాత్రం మే నెలలో వద్దు. రోడ్డయితే ఇంచుమించు 1100 కిలోమీటర్లు. సాయంత్రం బయలుదేరి, పగలు మధ్యలో ఆగి, మళ్ళీ సాయంత్రం కదిలితే లాబ్రడార్ హాయిగా వస్తుంది. నా మాట అడిగితే, మీ కుక్క ఇప్పటికే కారుకు అలవాటు పడి ఉంటే మే నెలలో రోడ్డుకే నా ఓటు.

ఇదే చదివే పగ్, షిట్జూ, బుల్‌డాగ్, బాక్సర్, పర్షియన్ పిల్లి ఉన్నవాళ్ళకు ఒక మాట. పొట్టి ముక్కు జాతులను కింద అరలో ఏ కాలంలోనూ పంపకండి. అమెరికా రవాణా శాఖ 2010లో బయటపెట్టిన లెక్కల్లో, అంతకు ముందు ఐదేళ్ళలో విమాన ప్రయాణంలో చనిపోయిన 122 కుక్కల్లో దాదాపు సగం పొట్టి ముక్కువే. ఇంగ్లీష్ బుల్‌డాగ్‌లే 25. వాటి గొంతు దారి పుట్టుకతోనే ఇరుకు, రొప్పి వేడి దించుకోలేవు. చిన్న పగ్ అయితే బరువు తగ్గించి కేబిన్‌లో తీసుకెళ్ళాలి, లేకపోతే రోడ్డే. రామచిలుక, నక్షత్ర తాబేలు లాంటివి పెంచుకోవడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, వాటికి ఎవరూ సర్టిఫికెట్ రాయరు.

అమెరికా సంగతి. ఇప్పుడే చెయ్యాల్సింది ఒకటే: మైక్రోచిప్, అంటే గుర్తింపు నంబరుతో చర్మం కింద పెట్టే చిన్న చిప్. ఐఎస్ఓ ప్రమాణం ఉన్న 15 అంకెల చిప్ వేయించండి, ఆ రోజే స్కానర్‌తో చదివించి చూడండి. చిప్ వేశాక వేసిన రేబిస్ టీకానే లెక్కలోకి వస్తుంది. అంతకు ముందు ఎన్ని వేయించినా, అవి ఈ కుక్కకే వేశారనడానికి వాళ్ళ దృష్టిలో రుజువు లేదు. బెంగళూరు ప్రయాణానికి ఎలాగూ టీకా చూసుకుంటున్నారు కదా, గడువు దగ్గర పడి ఉంటే ముందు చిప్, తర్వాత టీకా వేయించండి.

కుక్కల రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నియమాల ప్రకారం కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, టీకా, చిప్ వివరాలను ప్రభుత్వ పశువైద్య అధికారి ధ్రువీకరించాలి. వాళ్ళు గుర్తించిన ల్యాబ్‌లో రక్తంలో రేబిస్ యాంటీబాడీల పరీక్ష చేయించాలి, లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్. రక్తం మొదటి టీకా తర్వాత కనీసం 30 రోజులకు, ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు తియ్యాలి. దిగేది కూడా కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే, అక్కడి గుర్తింపు పొందిన కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకుని. పిల్లికి సీడీసీ ఇంత పెట్టలేదు, మీరు వెళ్ళే రాష్ట్రం నియమం చూసుకుంటే చాలు. యూరప్ అయితే రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. టీకాకు ముందే రేబిస్ సోకి ఉంటే ఆ గడువులో బయటపడుతుందని ఆ ఏర్పాటు. దేశం దాటేటప్పుడు మన వైపు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది జంతు క్వారంటైన్ శాఖ, దానికి హైదరాబాద్‌లో, బెంగళూరులో కార్యాలయాలున్నాయి.

చిప్ వేసినప్పుడు ప్యాకెట్‌లో బార్‌కోడ్ స్టిక్కర్లు వస్తాయి. ఒకటి టీకా కార్డు మొదటి పేజీలో అంటించమనండి, పక్కన చిప్ వేసిన తేదీ రాయించుకుని డాక్టరు సంతకం చేయించుకోండి. మిగిలిన స్టిక్కర్లు పారెయ్యకండి, రక్తపరీక్ష ఫారం మీద మళ్ళీ కావాలి. మీ లాబ్రడార్ కొలతలు నాలుగూ, విమానం రకం తెలిస్తే అదీ రాయండి, ఏ సైజు క్రేట్ తీసుకోవాలో చూసి చెప్తాను.